సెలెక్షన్ లిస్టు పక్కన అంకెలేవీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో అండర్-17 బేస్‌బాల్ జట్టు ఎంపిక వార్త చూశాను. ఫొటో పెద్దదే వేశారు, సంతోషం. ముందు వరసలో కుర్చీల్లో పెద్దలు తొమ్మిది మంది, శాలువాలతో. వాళ్ళ వెనక నిలబడిన పిలకాయల మొహాలు సగం సగం కనిపిస్తున్నాయి. వార్తలో పెద్దల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. ఎంపికైన పిల్లల పేర్లూ ఉన్నాయి. కింద ‘ప్రతిభ కనబరిచిన క్రీడాకారులను ఎంపిక చేశారు’ అని ఒక వాక్యం. ఆ ప్రతిభ ఎంతో మాత్రం లేదు. ఎవరు ఎంత దూరం విసిరారు, బంతి కొట్టి ఎవరు ఎన్ని సెకన్లలో ఫస్ట్ బేస్, అంటే మొదటి గుర్తు, చేరారు, ఒక్క అంకె లేదు. తప్పు మీ విలేకరిది కాదు. ఆయన అడిగినా చెప్పడానికి అక్కడ ఎవరి దగ్గరా అంకె ఉండదు. నాకెట్లా తెలుసంటారా, 31 ఏళ్ళు నేను డ్రిల్ మాస్టర్ని. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఆరు జిల్లాపరిషత్ హైస్కూళ్ళలో విజిల్ ఊది 2019లో రిటైరయ్యాను. అట్లాంటి కమిటీల్లో ఇరవై ఏళ్ళు ఉన్నాను. అట్లాంటి ఫొటోల్లో కుర్చీలోనూ కూర్చున్నాను.

ఇన్నేళ్ళు తట్టని సంగతి నాకు రిటైరయ్యాక, ఏడు సముద్రాల అవతల, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే తట్టింది. అది చెబుదామనే ఈ ఉత్తరం.

2024 వేసవిలో నేనూ మా ఆవిడా అమెరికాలో మా పెద్దోడి ఇంటికి పోయాం. టెక్సాస్‌లో ఫ్రిస్కో. ఆ ఊరి పేరు మన వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. బైరాగిపట్టెడలో మా అపార్టుమెంటులో ఎనిమిది ఇళ్ళుంటే మూడిళ్ళ పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోతే తిరుపతిలోనే ఉన్నట్టుంటుంది. చెప్పులు పోవు, అంతే తేడా. ఆ ఊళ్ళో రఫ్‌రైడర్స్ అని ఒక బేస్‌బాల్ జట్టుంది. మా మనవడికి పన్నెండేళ్ళు, వాడికి ఆ ఆటంటే పిచ్చి. జూన్‌లో ఒకరోజు సాయంత్రం నన్నూ లాక్కుపోయాడు.

మైనర్ లీగ్ అంటే చిన్నపిల్లల ఆటేమో అనుకుని పోయాను. కాదు. అమెరికాలో పెద్ద లీగ్ క్లబ్బులు 30. ఒక్కో క్లబ్బుకూ కింద నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకూ ఒక జట్టు, మొత్తం 120. సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అంటారు. మన స్కూలు ఆటల్లో మండలం, డివిజను, జిల్లా, రాష్ట్రం ఉన్నట్టే. ఫ్రిస్కో జట్టు టెక్సాస్ రేంజర్స్ క్లబ్బుకు మూడో మెట్టు, డబుల్-ఏ. పేరుకు చిన్న లీగే గానీ ఆడే వాళ్ళంతా జీతగాళ్ళు. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ మెట్టులో ఏడాదికి కనీస జీతం 30,250 డాలర్లు. మా పెద్దోడు లెక్క గట్టి, ‘ఈ ఊళ్ళో దాంతో ఇంటి బాడుగ కూడా కష్టమే నాయనా’ అన్నాడు. పై మెట్టు ఎక్కుతామనే ఆశ మీదే ఆ పిల్లోళ్ళు ఆడుతుంటారు.

స్టేడియం చిన్నది, ముచ్చటగా ఉంది. కుడివైపు కంచె అవతల ఒక నీళ్ళ కాలవ కట్టారు. జనం రబ్బరు ట్యూబుల మీద పడుకుని తేలుతూ, బీరు తాగుతూ ఆట చూస్తారు. మన కోదండరామస్వామి తెప్పోత్సవంలో దేవుడు నీళ్ళ మీద, జనం గట్టు మీద. ఇక్కడ జనం నీళ్ళ మీద, ఆట గట్టు మీద. మా ఆవిడ వచ్చుంటే నన్ను అక్కణ్ణుంచి లేపుకుపోయేది.

మా ముందు వరసలో, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకు సరిగ్గా వెనక, గడ్డి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ అందరూ తింటున్నారు, తాగుతున్నారు, ఫొటోలు దిగుతున్నారు. ఆయన చేతిలో తినేది లేదు. బంతి బ్యాటుకు తగిలినప్పుడల్లా ఆయన కుడిచేతి బొటనవేలు కదులుతోంది. మొహం కదలదు, తల కదలదు, వేలొక్కటే. నాకు చప్పున తెలిసిపోయింది. అరచేతిలో దాచుకున్న స్టాప్‌వాచ్‌ను చూడకుండా నొక్కే వేలు అది. స్కూళ్ళ గ్రిగ్ పోటీల్లో వంద మీటర్ల గీత దగ్గర నిలబడి నేను నొక్కిన నొక్కుడే.

‘రేయ్, ఆయన మాస్టరేమో అడుగు’ అన్నాను మనవడితో. వాడు సిగ్గుపడ్డాడు. ‘తాతా, ఆయన స్కౌట్. వాళ్ళను కదిలించకూడదు’ అన్నాడు. స్కౌట్ అంటే ఆటగాళ్ళను చూసి రాసి పంపే మనిషి. వాళ్ళలోనూ రెండు రకాలట. ఒకరు హైస్కూళ్ళూ కాలేజీలూ తిరిగి కొత్తవాళ్ళను వెతికే వాళ్ళు. ఇంకొకరు ఇట్లాంటి మైనర్ లీగ్ ఆటలకొచ్చి వేరే క్లబ్బు కుర్రాళ్ళను చూసి పెట్టుకునే వాళ్ళు. జులై నెలాఖరుకు క్లబ్బులు ఒకరి ఆటగాళ్ళను ఒకరు మార్చుకుంటాయి, అప్పుడు ‘మీ ఫలానా పిల్లోణ్ణి ఇవ్వండి’ అని అడగాలి కదా. సంతకు ముందు పక్కూరి దొడ్లో ఎద్దును చూసి రావడం లాంటిది. మా ముందున్నాయన ఆ రెండో రకం. పేరు చెప్పలేదు, ఏ క్లబ్బో చెప్పలేదు, ఎవరి కోసం వచ్చాడో అసలే చెప్పలేదు. నేను తొంగి చూస్తే నోటుబుక్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. సెలెక్షన్ లిస్టు నేనూ అట్లాగే దాచేవాణ్ణి కాబట్టి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

నేను ఇండియాలో డ్రిల్ మాస్టర్నని మనవడు చెప్పాక ఆయన మొహం కొంచెం విచ్చుకుంది. జేబులోంచి రెండో స్టాప్‌వాచ్ తీసి నా చేతిలో పెట్టి సైగ చేశాడు, నువ్వూ కొట్టు అని. బ్యాటు చప్పుడు కాగానే నొక్కాలి, కాలు ఫస్ట్ బేస్ తాకగానే ఆపాలి. ఆ దూరం 90 అడుగులు, మన లెక్కలో 27.4 మీటర్లు. ఎవరో నల్లటి కుర్రాడు బంతిని నేలబారుగా సెకండ్ బేస్ వైపు కొట్టాడు. అవుటయ్యేది ఖాయం. అయినా వాడు తల వంచుకుని ప్రాణం పెట్టి పరిగెత్తాడు. అవుటే. నా వాచీ 4.31 చూపింది, ఆయనది 4.29. ఆయన నా వాచీ చూసి బొటనవేలు పైకెత్తాడు. సంపాదక మహాశయా, 2019లో రిటైర్మెంటు సభలో వేసిన గజమాల కూడా నాకంత సంతోషం ఇవ్వలేదు.

కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లంటే సగటు పరుగు. 4 దగ్గరికొస్తే గాలిలో పోతున్నట్టు. అవుటయ్యే బంతికి కూడా పూర్తిగా పరిగెత్తాడా లేదా అన్నదీ ఆయన రాసుకున్నాడు. ఇంకాసేపటికి ఒకడు బంతిని కంచె దాటించాడు. జనమంతా లేచి నిలబడ్డారు, పెద్ద శబ్దంతో ఏదో పాట మోగింది, నేను కూడా మెడ చాచి బంతినే చూశాను. తిరిగి చూస్తే ఆయన చూపు బంతి వైపు లేదు. ఆ బంతి వేసి దెబ్బతిన్న పిచ్చర్ వైపు ఉంది. వాడు కొత్త బంతి ఎట్లా అందుకున్నాడు, తరవాతి బ్యాటర్‌కు ఎక్కడ వేశాడు, అదీ ఆయన చూస్తున్నది. కుడిచేతి బ్యాటర్ వస్తే లేచి ఫస్ట్ బేస్ వైపు కుర్చీలోకి పోయి కూర్చునేవాడు, వాడి రొమ్మూ చేతులూ అటునుంచే బాగా కనబడతాయని. రెండు వరసల కింద ఇద్దరు బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకుని ఉన్నారు. అందులో ఒకడు ఆ జట్టు పిచ్చరేనట, ఆ రోజు ఆడే వంతు కాక లెక్క రాయడానికి కూర్చోబెట్టారు. ఇది నాకు భలే నచ్చింది. మన దగ్గర ఆడని పిల్లోడు నీళ్ళ బిందె మోస్తాడు.

ఆయన పాతకాలపు అలవాటు కొద్దీ కాగితం మీద రాస్తున్నాడు గానీ ఆ లెక్కంతా ఇప్పుడు కంప్యూటర్లోకి పోతుందట. లెక్క మాత్రం పాతదే. బ్యాటుకు బంతి తగిలించడం, దూరం కొట్టడం, పరుగు, విసురు, బంతి ఆపడం, ఈ ఐదింటికీ మార్కులు 20 నుంచి 80 దాకా. 50 అంటే పెద్ద లీగ్‌లో సగటు ఆటగాడు. 80 పడేది నూటికో కోటికో ఒకడికి. కీపర్‌కు, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడికి, ఇంకో కొలత, బంతి గ్లవ్‌లో పడ్డప్పటినుంచి సెకండ్ బేస్ దగ్గరున్న వాడి గ్లవ్‌లో పడేదాకా ఎంతసేపు అని. రెండు సెకన్లలో చేరితే పనికొస్తాడు. అది 38.8 మీటర్ల విసురు, కూర్చున్నవాడు లేచి విసరాలి, గుర్తుంచుకోండి.

నన్ను పట్టుకున్నది ఇవి కావు. ఒక్కో మార్కుకూ రెండు గడులున్నాయి. ఒకటి ఈ రోజు వాడు ఎంత, రెండోది వాడు ఎంత దాకా పోగలడు. ఈ రోజు 35, రేపు 55 అని రాయొచ్చు. ఈ రోజు 50, రేపూ 50 అని రాయొచ్చు. ఒక జట్టు పిచ్చర్లందరినీ చూడాలని ఆయన వారంలో ఆరు రోజులు అదే స్టేడియానికి వస్తున్నాడు, సోమవారం వాళ్ళకు సెలవు. మన జిల్లా సెలెక్షను ఎంతసేపు జరుగుతుందో మీకు తెలుసు. పిల్లోళ్ళను పొద్దున ఎనిమిదికే రమ్మంటాం. అతిథులు పదకొండున్నరకు వస్తారు. మైకులో పన్నెండున్నర. అప్పటికి పిలకాయలు ఎండకు వాడిపోయి ఉంటారు. ఒక్కొక్కడికి నాలుగు బంతులు, రెండు విసుర్లు. మూడింటికి లిస్టు. ఈ రోజు గడి కూడా సరిగ్గా నింపం, రెండో గడి సంగతి దేవుడెరుగు.

ఆ రెండో గడి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టైం తేడా వల్ల అని మావాడు అనుకున్నాడు. నేను అప్పటికి వచ్చి నెలన్నర అయింది.

1997లో నేను పాకాల వైపు ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లోడుండేవాడు. సన్నగా, నిక్కరు జారిపోకుండా మొలతాడుతో కట్టుకుని వచ్చేవాడు. పొద్దున సంగటీ ఊరిబిండీ తింటే మళ్ళీ రాత్రికే. వాడి మీద మామిడి తోట కాపలా మనిషి వచ్చి నాకు పితూరీ చెప్పాడు. ‘అయ్యా, మీ పిల్లోడు రాళ్ళేసి కాయలు రాలగొడతా ఉండాడు. కాయకు దెబ్బ తగలకుండా తొడిమను కొడతా ఉండాడు సామీ!’ తిట్టమని వచ్చినవాడి గొంతులో నాకు మెచ్చుకోలే వినబడింది. మరుసటి రోజు డ్రిల్ పీరియడ్‌లో వాణ్ణి వేపచెట్టుకు కట్టిన డబ్బా మీదికి రాళ్ళు వేయమన్నాను. దూరం పెంచుకుంటూ పోయాను. నలభై అడుగుల దగ్గర పదికి ఎనిమిది. డెబ్బై అడుగుల దగ్గర పదికి ఐదు. వెదురుకర్రను జావెలిన్‌లాగా ఇస్తే మొదటిసారే నా పెద్ద పిల్లోళ్ళ దాకా వేశాడు, అడ్డదిడ్డంగా పట్టుకుని.

ఆ ఏడు డివిజను మీట్‌కు జావెలిన్‌లో మా స్కూలుకు ఒక్క పేరే రాయాలి. ఊళ్ళో ఒక పెద్దాయన కబురు పెట్టాడు, మావాడి పేరు రాయండి మాస్టారూ, సర్టిఫికెట్ ఉంటే ముందు ముందు పనికొస్తుంది అని. ఆ పెద్దాయన కొడుకు పొడగరి, కండ పట్టినవాడు, ఆ రోజు కొలిస్తే వాడిదే రెండడుగులు ఎక్కువ కూడా. కాబట్టి అబద్ధం ఆడాల్సిన పని కూడా నాకు రాలేదు. వాడి పేరే రాశాను. ఎవరి మీదా నింద వేయను. పెన్ను నాది, చేతిరాత నాది. ఆ అబ్బాయి డివిజన్లో ఆరోవాడిగా వచ్చి ఆటలు మానేశాడు. సన్నటి పిల్లోడు పదో తరగతిలో సగంలో బడి మానేశాడు.

2008లో పేపర్లో ఒక వార్త చూసి నాకు వాడు గుర్తొచ్చాడు. అమెరికా నుంచి వచ్చి మన దేశంలో మిలియన్ డాలర్ ఆర్మ్ అని ఒక పోటీ పెట్టారు, బేస్‌బాల్ ఎవరు వేగంగా విసురుతారో చూద్దామని. గెలిచింది ఉత్తరప్రదేశ్ పల్లెటూరి కుర్రాడు రింకూ సింగ్, గంటకు 87 మైళ్ళ వేగంతో, అంటే 140 కిలోమీటర్లు. ఇంకొకడు దినేశ్ పటేల్. ఇద్దరూ జావెలిన్ విసిరే వాళ్ళే, అప్పటిదాకా బేస్‌బాల్ ముఖం చూడలేదు. ఆ ఏడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బు ఇద్దరితోనూ ఒప్పందం రాసుకుంది. పెద్ద లీగ్ దాకా ఎవరూ పోలేదనుకోండి, రింకూ కింది మెట్లలో కొన్నేళ్ళు ఆడి మోచేతి దెబ్బతో ఆగిపోయి, తరవాత కుస్తీల్లోకి పోయాడు. అయినా వాళ్ళిద్దరి చెయ్యి ఎంతో ఒక మిషను కొలిచింది, అంకె కాగితం మీద పడింది. నా పిల్లోడి చెయ్యికి వేపచెట్టు డబ్బా మీద సొట్టలే.

పోయిన ఏడు జూన్‌లో, అంటే అమెరికా నుంచి వచ్చాక, దామలచెరువు మామిడి మండీకి పోయాను, బంధువులకు ఒక పెట్టె కాయలు పంపాలని. షెడ్డు కింద కాయల కుప్ప ముందు ఒకతను గొంతుక్కూర్చుని ఏరుతున్నాడు. కాయను చేతిలోకి తీసుకోవడం, బొటనవేలితో తొడిమ దగ్గర ఒక్క నొక్కు నొక్కడం, విసిరెయ్యడం. వెనక మూడు కుప్పలున్నాయి, దూరం దూరంగా. తల తిప్పి చూడడం లేదు. కాయ పోయి ఏ కుప్పలో పడాలో ఆ కుప్పలో, గడ్డి మీద మెత్తగా పడుతోంది. ఒక్కటీ దొర్లి పక్క కుప్పలోకి పోలేదు. నేను నిలబడి చాలాసేపు చూశాను. ‘ఏమి సార్, కాయలు కావాల్నా’ అని తలెత్తాడు. ఎత్తి, లేచి నిలబడ్డాడు. ‘సార్! మీరు డ్రిల్ సారు గదా!’

వాడే. నలభై దాటాయి, నెత్తి మీద జుట్టు పలచబడింది. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది బీకాం చదువుతోందట. సీజన్లో మండీ, మిగతా కాలం ఆటో. కాయ ఎట్లా తెలుస్తుందిరా అని అడిగాను. ‘పైకి అన్నీ బాగనే ఉంటాయి సార్. తొడిమ కాడ గట్టిగుంటే అది లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోతాది. మెత్తగుంటే జ్యూసు ఫ్యాక్టరీకే’ అన్నాడు. డబ్బు పుచ్చుకోలేదు. పెట్టె తనే మోసి ఆటోలో పెట్టాడు. 1997 మాట నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. వాడికి గుర్తుందో లేదో కూడా తెలియదు. ఆ లిస్టులో తన పేరు ఉండాల్సిందని వాడికి చెప్పిన వాళ్ళెవరు?

అదే నా బాధ. అంకె లేకపోతే నష్టపోయిన పిల్లోడికి తాను నష్టపోయానని కూడా తెలియదు. ఇప్పుడు సెలెక్షన్లు నడిపే పీఈటీలను నేను తప్పు పట్టడం లేదు. బేస్‌బాల్ స్కూలు ఆటల్లో ఉందని సర్క్యులర్ వస్తుంది గానీ బ్యాటూ గ్లవులూ రావు. ఒక స్కూల్లో ఐదు గ్లవులుంటే పక్క స్కూలుకు అరువు పోతాయి. ఎడమచేతి వాడికి గ్లవ్ ఉన్న స్కూలు నేను నా సర్వీసులో చూడలేదు. ఇంత లేమిలో వాళ్ళు పిల్లల్ని గ్రౌండ్‌కు తేవడమే గొప్ప. కానీ కొలవడానికి పైసా ఖర్చు లేదు. హోమ్ ప్లేటు నుంచి ఫస్ట్ బేస్‌కు 27.4 మీటర్లు టేపుతో కొలిచి సున్నం గీత గీయండి. ప్రతి పిల్లోడూ రెండుసార్లు పరిగెత్తాలి, మంచిది రాయండి. హోమ్ నుంచి సెకండ్ బేస్‌కు విసురు, వాచీ పెట్టి రాయండి. పిచ్చర్ వేగానికి రాడార్ గన్ కావాలంటారు. అక్కర్లేదు. ఇప్పుడు పిల్లోళ్ళ ఫోన్లలోనే స్లో మోషన్ ఉంది, సెకనుకు 240 ఫ్రేములు తీసేది. పిచ్చర్ దిబ్బ నుంచి ప్లేటుకు 18.44 మీటర్లు, కాలు ముందుకేసి వదులుతాడు కాబట్టి బంతి పోయే దూరం సుమారు 16.8 మీటర్లు. చెయ్యి వదిలినప్పటినుంచి ప్లేటు చేరేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. 144 వస్తే 0.6 సెకను, అంటే గంటకు 100 కిలోమీటర్లు. ఫ్రేములు తగ్గేకొద్దీ వేగం ఎక్కువ. ఎనిమిదో తరగతి లెక్కల సారు ఐదు నిమిషాల్లో చేసి పెడతాడు.

తరవాత ఆ కాగితం, ఎంపికైన వాళ్ళదీ కానివాళ్ళదీ, గ్రౌండ్ గేటుకు అతికించండి. సెలెక్టర్ తన ఇష్టం కొద్దీ తక్కువ టైం వచ్చినవాణ్ణి వదిలి ఇంకొకణ్ణి తీసుకోవచ్చు, తప్పు లేదు. అంకె ఒక్కటే చూడమని నేననను. ఆ స్కౌటు కూడా అంకె ఒక్కటే చూడలేదు. కానీ ఎందుకు తీసుకున్నాడో రెండో గడిలో ఒక ముక్క రాసి సంతకం పెట్టాలి. ‘చెయ్యి బాగుంది, కండ వస్తే పెరుగుతాడు.’ ఈ ఒక్క ముక్క 1997లో రాయమని నన్నెవరైనా నిర్బంధించి ఉంటే, ఆ పెద్దాయనకు చూపడానికి నా దగ్గర కాగితమైనా ఉండేది.

అమెరికాలో సిఫార్సులు లేవా అని మా వాకింగ్ మిత్రులు ఎస్వీ యూనివర్సిటీ స్టేడియం దగ్గర నన్ను ఎగతాళి చేస్తున్నారు. ఉన్నాయి. నిజం దాచడం ఎందుకు. మైక్ పియాజా అని ఒక కీపర్, 1988లో క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ క్లబ్బు 62వ రౌండులో తీసుకుంది, తనకంటే ముందు 1,389 మంది పిలిపించుకుని పోయాక. అదీ ఎందుకు, వాళ్ళ నాన్న ఆ క్లబ్బు మేనేజర్ టామీ లసోర్డాకు స్నేహితుడు కాబట్టి. సిఫార్సు సీటే. వాడే 427 హోమ్ రన్లు కొట్టి 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చున్నాడు. ఈ కథ చెప్తే మా మిత్రుల్లో ఒకాయన, ‘చూసినావా మరి, సిఫార్సే మేలు’ అని చప్పట్లు కొట్టాడు. ఆయన రిటైర్డు తహసీల్దారు, వేరేగా అంటాడని నేను అనుకోలేదు. పియాజా కన్నా ముందు పోయిన 1,389 మందినీ ఎవరో ఒకరు చూసి, మార్కులేసి, తప్పు చేశారు. ఆ తప్పు లెక్కలో ఉంది కాబట్టే ఈ రోజు మనం చెప్పుకుంటున్నాం. వయసు దొంగతనమూ అక్కడుంది. 2001లో పన్నెండేళ్ళలోపు పిల్లల టోర్నమెంటులో పద్నాలుగేళ్ళ వాడు బంతులేసి అందరినీ అవుట్ చేశాడు, తరవాత పట్టుబడ్డాడు. మన అండర్-14లో మీసాలొచ్చిన పిల్లోళ్ళను చూసిన నాకు అదొక ఓదార్పు.

మన మట్టిలో చేవ లేదని ఎవరూ అనలేరు. యర్రావారిపాళెం మండలం ఎనుములవారిపల్లె ఆడపిల్ల రజని భారత హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడింది, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉంది. అంత మారుమూల పల్లె పిల్లను ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా. చూసినవాళ్ళ కన్ను మంచిది. అందరు మాస్టర్లకూ ఆ కన్ను ఉండదు, నాకు ఉండీ చెయ్యి వణికింది.

మీకూ ఒక విన్నపం. ఇకమీదట సెలెక్షను వార్త వేసేటప్పుడు కుర్చీల్లో వాళ్ళ పేర్లు రెండు తగ్గించి, ఆ చోట్లో మొదటి ముగ్గురు పిల్లోళ్ళ టైములు వేయండి. మీ విలేకరి మైదానానికి పోయి, ‘ఎంత కొట్టినాడు సార్?’ అని అడిగితే చాలు. రెండుసార్లు జవాబు దొరక్కపోతే మూడోసారి మావాళ్ళు కొలుస్తారు. పేపర్లో పరువు పోతుందంటే మా డ్రిల్ మాస్టర్లకు ఉన్నంత భయం ఇంకెవరికీ ఉండదు, ఇది మాత్రం అనుభవంతో చెప్తున్నాను.

వచ్చే సెలెక్షను తిరుపతి జిల్లాలోనైనా చిత్తూరు జిల్లాలోనైనా, పిలిస్తే నా బస్సు చార్జీ నేనే పెట్టుకుని వస్తాను. కుర్చీ అక్కర్లేదు, శాలువా అసలే వద్దు. ఫస్ట్ బేస్ గీత పక్కన ఎండలో నిలబడతాను. స్టాప్‌వాచీలు నా దగ్గర రెండున్నాయి. ఒకటి సర్వీసులో కొన్నది. రెండోది ఆ రోజు ఆట అయిపోయాక తిరిగి ఇవ్వబోతే ఆ గడ్డి టోపీ ఆయన నా వేళ్ళు మూసి నా చేతిలోనే పెట్టేశాడు. రెండింటికీ మొన్ననే బ్యాటరీలు మార్పించాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.